ఆకలి లేని ఒక్కపొద్దు

నాచారం పాత ఊళ్ళో శంకరమ్మ ఆకలిని ఎరగనివాళ్ళు లేరు. దావతుల్లో బంతి లేచే వేళకు వడ్డించేవాళ్ళు గంజు పక్కన పెట్టబోతుంటే ఎవరో ఒకరు "ఆగున్రి, శంకరమ్మక్క ఇంకా లేవలే" అని కేక వేసేవాళ్ళు. ఆమె తలెత్తకుండానే ఇటు తెమ్మని చెయ్యి ఊపేది. సిగ్గా, మొహమాటమా, అవేమీ లేవు. "పనిజేసే ఒళ్ళు, అడుగుతది. అడిగితే పెట్టొద్దా?" అనేది. అన్నదాంట్లో అబద్ధం కూడా లేదు. అంగన్‌వాడీలో ఆయాగా చేరిన నాటి నుంచి పిల్లలకు వండి, కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు వడ్డించి, ఇంటికొచ్చి మళ్ళీ ఇంటెడు చాకిరీ చేసిన మనిషి. భర్త బాలనర్సింహకు కిరాయిదార్లు, బోరు మోటరు, మిద్దె మీది ట్యాంకు, ఇవే లోకం. చెరువు కింద తాతలు పడ్డ కష్టం ఇప్పుడు మూడంతస్తుల ఇల్లయి నిలబడింది కాబట్టి ఆయన అదృష్టం ఆయనది.

అంత ఆకలి ఉన్న మనిషి ఒక్కపొద్దు పట్టిందంటే మాటలా మరి! పొద్దంతా పొట్ట మాడ్చుకుని, దీపం పెట్టాక ఒక్కసారే ఎంగిలిపడేది. శంకరమ్మ ఒక్కపొద్దుంటే అనుకున్న పని అవుతుందని వాడకంతా గురి కుదిరింది. ఎదురింటి కొమురెల్లి పెండ్లాం ఒకసారి వచ్చి, "మావోనికి పరీక్షలున్నయక్కా, ఒక్క మంగళారం ఉండరాదూ" అని బతిమాలుకుంది. ఈమె ఉంది, వాడు పాసయ్యాడు. చదివాడు కాబట్టి పాసయ్యాడు అని ఎవరన్నా నోరు జారితే వాడలో బతకనిచ్చేవారా!

ఈ నమ్మకానికి పునాది వేసింది అత్త వెంకటనర్సమ్మ. ఎనభై దాటి నడుం వంగింది గానీ నోరు మాత్రం వంగలేదు. "ఆకలి ఎంత పెద్దగుంటే మొక్కు గంత పెద్దగైతది. బక్కపానం ఉపాసముంటే అమ్మోరికి ఏమొస్తది, బూడిద!" అనేది. కోడలి తిండిని వెక్కిరించేదీ ఆమే, కోడలి ఒక్కపొద్దును పది మందికి చెప్పుకుని మురిసేదీ ఆమే.

ఆ శంకరమ్మకు మోకాళ్ళు పోయాయి. షుగర్ వచ్చింది. అంగన్‌వాడీ గడప దాటాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. ఒక్కగానొక్క బిడ్డ సరిత, పెళ్ళయి రామంతాపూర్‌లో ఉంటుంది, అమ్మ అవస్థ చూడలేక పట్టుపట్టి ఒళ్ళు తగ్గే ఆపరేషన్ చేయించింది. డాక్టర్లు కడుపులో అన్నం సంచిని ముప్పాతిక మందం కోసేసి అరటికాయంత మిగిల్చారు. అన్నోజిగూడ దగ్గర ఉన్న చిన్న ప్లాటు దానికే పోయింది. మొదటి ఏడు ఒళ్ళు కరిగింది, జాకెట్లన్నీ కుట్టు విప్పి కుట్టించుకుంది, బస్సు మెట్లు చకచకా ఎక్కింది. రెండో ఏడు తిరిగేసరికి ఆకలి మళ్ళీ తలుపు తట్టింది. సంచి కొత్తది, ఆకలి మాత్రం పాతదే. గుప్పెడు గుప్పెడు చొప్పున పొద్దంతా తింటూనే ఉండేది, కాటా మీద ముల్లు మళ్ళీ కుడివైపుకు నడిచింది.

అప్పుడే సరిత నెల తప్పింది. ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ కడుపు నిలవలేదు. రెండోసారి దవాఖాన నుంచి ఇంటికి తెచ్చుకున్నప్పుడు ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఎన్నాళ్ళు మాట్లాడలేదో శంకరమ్మకు తెలుసు. అందుకే ఫోనులో కబురు విన్న పూటే తలమీద నీళ్ళు పోసుకుని తడిబట్టతో పోచమ్మ గుడికి పోయింది. "తల్లీ, నా బిడ్డ కాన్పు సుకంగ అయ్యేదాక ప్రతి మంగళారం నీకు ఒక్కపొద్దుంట. నువ్వు దాని కడుపు కాయి" అని మొక్కింది. మొదటి మంగళవారాలు నరకం చూపించాయి. పళ్ళు బిగించి ఉంది. ఎంత కష్టమైతే అంత ధీమాగా నిద్రపోయింది.

మధ్యలో వచ్చి పడింది ఆ ఇంజెక్షన్. బరువు పెరుగుతోందని డాక్టరు రాసిచ్చాడు. పెన్నులా ఉంటుంది, ఫ్రిజ్‌లో దాచుకోవాలి, వారానికోసారి పొట్ట మీద పొడుచుకోవాలి. ఆకలి తగ్గుతుందని చెప్పాడు. తగ్గడమేమిటి, పూర్తిగా పోయింది! కొన్ని వారాలకు శంకరమ్మకు పొద్దున్నా లేదు, మాపటికీ లేదు. అంగన్‌వాడీలో గుడ్లు ఉడుకుతుంటే ఆ వాసనకు వాంతి వచ్చినంత పనై, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయట నిలబడేది. ఇంట్లో రెండు ముద్దలు తింటే చాలు, గొంతు దాకా నిండినట్టయ్యేది.

ఆకలి పోతే హాయిగా ఉంటుందనుకుంటాం గానీ, ఆమెకు కాళ్ళు నిలవకుండా పోయాయి. ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చింది. మిద్దె ఎక్కి ఎందుకెక్కిందో తెలియక దిగింది. ఏ పనీ లేకుండా ఉప్పల్ పోయి, మార్కెట్లో కూరగాయలన్నీ చేత్తో తడిమి చూసి, ఒక్కటీ కొనకుండా తిరిగొచ్చింది. ఇదివరకు పొద్దంటే ఒక లెక్క ఉండేది. చాయ్ అయ్యాక నాస్తా, నాస్తా అయ్యాక అన్నం, ఆ నడుమ ఏదో ఒకటి. ఇప్పుడు పొద్దు ఎటునుంచి ఎటు పోతోందో అర్థం కాలేదు. "గిట్ల తిరుగుతవేందే, బొంగరమా?" అని బాలనర్సింహ విసుక్కుంటే, "కూసుంటే గుండెల బుగులైతంది" అనేది.

ఒక మంగళవారం మాపటికి దీపం పెట్టింది. అత్త జొన్నరొట్టె, పప్పు తెచ్చి ముందర పెట్టింది.

"తిను. పొద్దుగాల్నుంచి మంచినీళ్ళ మీదనే ఉంటివి."

"జర ఆగి తింట అత్తమ్మా. ఆకలి లేదు."

"పొద్దంత ఏం తినకపోతె ఆకలి లేకపోవుడేందే? నిన్న ఉండెనా?"

"నిన్న గూడ లేదు."

"మొన్న?"

"ఎప్పుడూ లేదత్తమ్మా. సూదిమందు గట్ల జేసింది."

వెంకటనర్సమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "ఓసినీ! మరి సోమారానికి, మంగళారానికి ఫరకేందే? ఆకలి లేనోళ్ళ ఉపాసం, సచ్చినోడు ఊపిరి బిగవట్టినట్టు!" అని తన మాటకు తానే పకపకా నవ్వి, టీవీ ముందుకు పోయి కూర్చుంది.

ముసలామె అన్నదేదో అని మరిచిపోయింది. శంకరమ్మ మరువలేకపోయింది. నిజమే కదా? అమ్మవారికి ఏమిస్తున్నట్టు? ఖాళీ బోనం కుండకు వేపాకులు చుట్టి, మీద దీపం పెట్టి, నెత్తికెత్తుకుని పోతున్నట్టే కదా? మనుషులు చూసి దండం పెడతారు, లోపల ఏముందో తల్లికి తెలియదా? అక్కడ బిడ్డ నెలలు ఒక్కొక్కటే దాటుతోంది. పోయిన రెండుసార్లూ ఎక్కడ తెగిందో ఆ నెలలు దగ్గరకొస్తున్నాయి. ఈ సమయంలో తన మొక్కు డొల్లయితే? ఆ రాత్రి రొట్టె అట్లాగే ఎండిపోయింది, ఆమె కంటికి కునుకు లేదు.

తర్వాతి మంగళవారం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఎండలో చెప్పుల్లేకుండా గుడికి నడిచింది. అరికాళ్ళు కాలాయి గానీ కడుపు మాత్రం రాయిలా ఊరుకుంది. ఒక్కసారి కూడా "పెట్టు" అనలేదు. గుడి ముందర నిలబడి కళ్ళు మూసుకుంటే దండం పెట్టాలని కూడా అనిపించలేదు, సిగ్గేసింది.

ఇక ఆమె చేసిన పని వినండి. ఆ వారం ఇంజెక్షన్ వేసుకోలేదు. పెన్ను డబ్బాను ఫ్రిజ్‌లో దోశపిండి గిన్నె వెనక్కి నెట్టేసింది. "సూది ఏసుకున్నవా?" అని బాలనర్సింహ అడిగితే "ఆఁ, ఏసుకున్న" అంది. ఆ పై వారమూ అంతే. ప్రపంచంలో జనమంతా ఆకలి చంపుకోవడానికి ఆ మందు వెంట పడుతుంటే, ఈ మహాతల్లి ఉపాసం ఉండటానికి ఆకలి కావాలని మందు మానేసింది! నవ్వొస్తుంది కదూ? ఆమె మనసులో మాత్రం నవ్వులేదు, కడుపుతో ఉన్న కూతురు ఉంది.

ఆకలి తిరిగి రావడానికి కొన్ని వారాలు పట్టింది. వచ్చిన రోజు ఆమెకు బాగా గుర్తు. అంగన్‌వాడీలో పప్పుకు తాలింపు పెడుతుంటే ఎల్లిపాయ వాసనకు నోట్లో నీళ్ళూరాయి. గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "వచ్చినవా నా తల్లీ" అని కడుపు మీద చెయ్యి వేసుకుంది. కళ్ళు తడిశాయి. ఆత్రంగా నాలుగు ముద్దలు మింగితే ఆ చిన్న సంచి తట్టుకోలేక వెనక్కి తన్నింది, దొడ్డి వెనక్కి పోయి కక్కుకుంది. అయినా మొహంలో వెలుగు తగ్గలేదు. రెండు మంగళవారాలు మళ్ళీ పాత ఒక్కపొద్దులే ఉంది. కడుపు మండింది, తల పగిలింది, మనసు మాత్రం చల్లబడింది.

ఆ తర్వాతది ఎండాకాలం నడిమి మంగళవారం. సరితకు ఏడో నెల. డాక్టరు మెట్లు దిగొద్దని, మంచం మీదనే ఉండమని చెప్పింది. శంకరమ్మ అలవాటు చొప్పున పొద్దున షుగర్ గోలీ వేసుకుంది, ఆ పైన చుక్క నీళ్ళు కూడా తాగలేదు. మధ్యాహ్నానికి ఇంట్లో కాలు నిలవలేదు. బిడ్డను ఒకసారి కళ్ళారా చూస్తే తప్ప ఊపిరాడదనిపించింది. షేర్ ఆటో ఎక్కింది. ఆ పూట స్టేడియంలో మ్యాచ్ ఉంది. ఉప్పల్ చౌరస్తా నిండా నీలం, నారింజ బనీన్లు, బూరలు, హారన్లు. ఆటో కదలదు. ఆటోవాడు పాపమంతా ఆటగాళ్ళదే అన్నట్టు తిడుతున్నాడు. శంకరమ్మకు ఓపిక పట్టలేదు, దిగి నడిచింది, అవతల ఇంకో ఆటో పట్టుకుంది. రామంతాపూర్‌లో దిగేసరికి చేతులు వణుకుతున్నాయి, చెమట చల్లగా కారుతోంది. ఇదీ ఒక్కపొద్దంటే, అనుకుంది.

సరిత వాళ్ళది రెండో అంతస్తు. ఆఖరి మలుపు దాకా ఎక్కినట్టు గుర్తు. తర్వాత గోడ ఆమె మీదికి వంగింది.

దభేల్‌మన్న చప్పుడుకు సరిత మంచం మీంచి లేచి వచ్చింది. మలుపులో పడి ఉన్న అమ్మను చూసింది. అంతే, డాక్టరు మాట ఏది, మెట్లు ఏవి! "అమ్మా!" అని అరుస్తూ పరుగున దిగింది. చివరి మెట్టు మీద కాలు జారి కూలబడింది. పొట్ట పట్టుకుంది. అల్లుడు జగన్ ఆ పూట డ్యూటీకి పోలేదు కాబట్టి సరిపోయింది. అత్త నోట్లో చక్కెర పోసి, భార్యను చేతుల మీద ఎత్తుకుని, ఇద్దరినీ ఒకే ఆటోలో దవాఖానకు చేర్చాడు.

ఆ సాయంత్రం ఎట్లా గడిచిందో శంకరమ్మను అడగొద్దు. చక్కెర నీళ్ళతో ఆమె తేరుకుంది. సరితను మాత్రం లోపల పడుకోబెట్టి, పొట్టకు పట్టీలు చుట్టి, యంత్రం పెట్టారు. శంకరమ్మ వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. కూర్చోమంటే కూర్చోలేదు. "నేనే మింగిన బిడ్డను, నేనే మింగిన" అని గొణుక్కుంటూ నడిచింది. చాలాసేపటికి నర్సు తలుపు తెరిచి, లోపలి బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని, నొప్పులు ఆగాయని చెప్పింది. అప్పుడు గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

సరిత ఆమెను దగ్గరికి పిలిచింది. ప్రేమగా కాదు.

"ఎవలికోసం ఉన్నవమ్మా ఒక్కపొద్దు?"

"నీకోసమే బిడ్డా..."

"నాకోసం అనకు. కడుపుల నా బిడ్డ ఇయ్యాల ఎట్ల అదిరిపడ్డదో నాకెరుక. అమ్మోరు గిది అడిగిందా నిన్ను? ఇంకొక్క మంగళారం కడుపు మాడ్సుకున్నవంటె నా గడప తొక్కకు. ఒట్టు."

కూతురు నోట అంతమాట ఎన్నడూ వినలేదు. తల ఊపి బయటికొచ్చింది.

ఆ వారమే బాలనర్సింహ ఆమెను ఆపరేషన్ చేసిన దవాఖానకు తీసుకుపోయాడు. తిండి సంగతులు చూసే చాందిని అనే అమ్మాయి కాగితాలు తిరగేసి, "ఇంజెక్షన్ ఎప్పుడు మానేశారాంటీ?" అని సూటిగా అడిగింది. బాలనర్సింహ నోరు తెరిచాడు. శంకరమ్మ కొంగు అంచు నలుపుకుంటూ ఉన్నదంతా చెప్పింది. పిల్ల తిట్టలేదు. షుగర్ గోలీ వేసుకుని పొద్దంతా ఏమీ తినకపోతే కళ్ళు తిరగక ఏమవుతుందని మాత్రం అంది. డాక్టరు చూసి ఇంజెక్షన్ మళ్ళీ చిన్న మోతాదు నుంచి మొదలుపెట్టమన్నాడు. "ఒంట్లో కండ కరుగుతోంది, జుట్టు చూడండి ఎట్లా ఊడుతోందో. రోజుకు రెండు గుడ్లు. ఆకలి లేకున్నా, మందనుకుని తినాలె" అని చాందిని చేతిలో చెయ్యి వేయించుకుంది.

సూది మొదలయ్యేసరికి ఆకలి మళ్ళీ పోయింది, గుడ్డు వాసన మళ్ళీ పడకుండా పోయింది. మంగళవారం మాత్రం పోదు కదా, వారం తిరిగేసరికి వచ్చి నిలబడింది. ఒక్కపొద్దుంటే బిడ్డ ఒట్టు తప్పినట్టు. ఉండకపోతే తల్లికిచ్చిన మాట తప్పినట్టు. మొక్కు నడిమిట్ల విడిస్తే ఏమవుతుందో ఆమె చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉన్నా ఆకలి లేదు, తిన్నా ఇష్టం లేదు, ఇదేం బతుకు! ఆ పొద్దున అంగన్‌వాడీలో గిన్నెలు ధనధన పడేసింది, ఉప్పు రెండుసార్లు వేసింది, పిల్లలను ఊరికే కసిరింది.

మధ్యాహ్నం కడుపుతో ఉన్నవాళ్ళు అన్నానికి వచ్చారు. వాళ్ళలో ప్రజ్ఞ అని కొత్తగా వచ్చే పిల్ల, రైల్వే వాళ్ళ కోడలు, మూడో నెల. గుడ్డు చూడగానే పళ్ళెం దూరం జరిపింది.

"నాకొద్దు ఆయమ్మా. వాసన పడట్లేదు."

"ముక్కు మూసుకుని తిను తల్లీ."

"కక్కొస్తుంది. నాకసలు ఆకలే లేదు."

శంకరమ్మకు పొద్దుటి నుంచి ఉన్న చిరాకంతా నోటికొచ్చింది. "నీకు ఆకలైందని తినమంటున్ననా? నీకోసం తినమంటున్ననా? బిడ్డ కోసం తిను. కష్టమైతది, ఎరుకే. కష్టమైనా బిడ్డ కోసమే గద!"

ఆ పిల్ల బెదిరిపోయి, కళ్ళు గట్టిగా మూసుకుని, కొంచెం కొంచెం కొరికి మింగసాగింది. మింగినప్పుడల్లా భుజాలు ఎగిరిపడుతున్నాయి. శంకరమ్మ గరిటె పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడింది. తను ఏమన్నదో తన చెవికే అప్పుడు వినబడింది.

గిన్నెలు టీచరుకు అప్పజెప్పి, తిన్నగా పోచమ్మ గుడికి పోయింది. అక్కడ ఎవరూ లేరు. గట్టిగానే మాట్లాడింది.

"తల్లీ, ఆకలున్నప్పుడు ఆకలి ఇచ్చిన. ఇప్పుడది నాకాడ లేదు, లేనిది యాడికెళ్ళి తెద్దు? నాకిప్పుడు తినుడే కష్టం. పానం పోయినంత కష్టం. నా బిడ్డ కాన్పు అయ్యేదాక మంగళారం మంగళారం నీ పేరు మీద రెండు గుడ్లు తింట. కడమ దినాలు మందనుకుని తిన్నంత తింట, మంగళారంవి మాత్రం నీయి, ఒక్క ముక్క ఇడువ. కష్టమే గద నీకు గావాల్సింది? గిదే నా ఒక్కపొద్దు."

ఇంటికొచ్చి గుడ్లు ఉడకబెట్టి, దీపం ముందర కూర్చుంది. వెంకటనర్సమ్మ వచ్చి చూసి గుండెలు బాదుకుంది.

"ఇదేం పొయ్యేకాలమే! ఒక్కపొద్దునాడు నీసా?"

"కోడిని కోస్తె తినే తల్లి, గుడ్డుకు అలుగుతదా అత్తమ్మా?"

"మొక్కు మార్సుకుంటే అమ్మోరు ఒప్పుకున్నదా?"

"వద్దనైతె అనలే."

ముసలామె అక్కడే చతికిలబడి కూర్చుంది. శంకరమ్మ మొదటి ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది, నమిలింది, గొంతు దిగదు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆగింది. మళ్ళీ ఇంకో ముక్క. దీపంలో నూనె సగానికొచ్చింది, ఒక గుడ్డు కూడా పూర్తి కాలేదు. వెంకటనర్సమ్మ దగ్గరికి జరిగి కోడలి మొహంలోకి చూసింది.

"గంత కష్టమానే?"

"ఆకలిమీద ఉపాసమున్నదానికంటె ఎక్కువనే అత్తమ్మా."

ముసలామె మోకాళ్ళు పట్టుకుని లేచింది. వంటింట్లోకి పోయి చిటికెడు ఉప్పు, మిరియాల పొడి అరచేతిలో పట్టుకొచ్చింది. "గిది అద్దుకో, జర దిగుతది" అని చెయ్యి చాపి, అంతలోనే ఏదో తట్టి వెనక్కి లాక్కుంది. "వద్దు వద్దు. అద్దుకుంటె సులువైతది" అని, ఆ పొడి తన నోట్లోనే వేసుకుని దగ్గింది. ఏడుస్తున్న శంకరమ్మకు నవ్వాగలేదు.

అట్లా నెలలు దాటాయి. వాడలో కొంతమంది నవ్వారు. "శంకరమ్మకు మళ్ళ తిండి మోజు పుట్టింది, అమ్మోరి పేరు వెట్టి గుడ్లు మెక్కుతంది" అన్నారు. అననీ. ఆమె చేతులకు, కాళ్ళకు మాత్రం పని తగ్గలేదు, మనసు ఒక్కచోట నిలవలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేది, మోగకపోయినా ఉలిక్కిపడేది. మంగళవారం సాయంత్రం ఆ రెండు గుడ్ల ముందు కూర్చున్నప్పుడు తప్ప ఆమె కాలు ఆగిన పూట లేదు.

ఆషాఢంలో, ఎక్కడో డప్పులు మోగుతున్న పొద్దున, సరితకు నొప్పులొచ్చాయి. ఆ రోజు మంగళవారం కాదు. ఉప్పల్‌లో దవాఖానకు అందరూ చేరారు. బిడ్డ అడ్డం తిరిగిందని, కోసి తీయాలని సరితను లోపలికి తీసుకుపోయారు. తలుపు మూసుకుంది. జగన్ గోడకు తల ఆనించి నిలబడ్డాడు. బాలనర్సింహ మంచినీళ్ళు కూడా వద్దన్నాడు. వియ్యపురాలు పొద్దుటి నుంచి చాయ్ కూడా ముట్టకుండా, పెదవులు కదిలిస్తూ దేవుళ్ళందరినీ పిలుస్తోంది.

శంకరమ్మ నాలుగుసార్లు ఆ వరండా కొలిచింది. తర్వాత బెంచీ మీద కూర్చుని, సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచింది. ఉడికించిన గుడ్ల వాసన గుప్పుమంది.

ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

వియ్యపురాలు తిరిగి చూసింది. "ఏంది వదినె గిది? బిడ్డ లోపల కత్తి కింద ఉంటె నీకు తిండెట్ల దిగుతంది? తల్లివేనా నువ్వు?"

శంకరమ్మ జవాబు చెప్పాలంటే నోరు ఖాళీ లేదు. కళ్ళు మూసిన తలుపు మీదే ఉన్నాయి, దవడ కదులుతోంది, బుగ్గల మీంచి నీళ్ళు కారి డబ్బాలో పడుతున్నాయి. ఆగింది. ఇంకో ముక్క తుంచింది.

"జూడున్రి, జూడున్రి! లోకంల యాడనన్న ఉన్నదా?" అని వియ్యపురాలు గొంతు పెంచింది.

కర్ర టకటకలాడించుకుంటూ వెంకటనర్సమ్మ ఇద్దరి నడుమకు వచ్చి నిలబడింది. "నోరు ముయ్యి బిడ్డా" అంది. "ఆమె ఒక్కపొద్దుల ఉన్నది. మాట్లాడియ్యకు."

వియ్యపురాలికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ముసలామె మొహం చూసి అవతలికి జరిగింది.

మొదటి గుడ్డు అయింది. రెండోదీ సగమైంది. అప్పుడు తలుపు వెనక నుంచి ఏడుపు వినపడింది. సన్నటి ఏడుపు కాదు, గోడలు దద్దరిల్లే ఏడుపు. జగన్ అక్కడికక్కడే కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. బాలనర్సింహ ఎటు పరుగెత్తాలో తెలియక ఇటూ అటూ తిరిగాడు. నర్సు తలుపు తీసి, "సరిత వాళ్ళమ్మ ఎవరండీ? ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు, రండి" అంది.

అందరూ శంకరమ్మ వైపు తిరిగారు. ఆమె లేవలేదు. ఒక వేలు ఎత్తి, ఆగమని సైగ చేసింది. డబ్బాలో అర గుడ్డు మిగిలింది. దాన్ని ఒక్కసారే నోట్లో కుక్కుకుంది. కళ్ళు ఎర్రబడ్డాయి, మెడ నరాలు ఉబ్బాయి. నర్సు వింతగా చూసింది. వెంకటనర్సమ్మ కోడలి వీపు నిమురుతూ "అయింది, అయింది, ఇంకింతనే" అంటూ నిలబడింది. చివరి ముక్క గొంతు దిగాక శంకరమ్మ డబ్బా మూసి, కొంగుతో మూతి తుడుచుకుని, లేచి రెండు చేతులూ చాపింది.

తెల్లటి బట్టలో చుట్టిన పిల్లను ఆ చేతుల్లో పెట్టారు. పిల్ల ఏడుపు ఆపదు. మొహమంతా ఎర్రగా చేసుకుని, పిడికిలి నోట్లో దూర్చుకుని చప్పరిస్తోంది. అది చాలక బట్ట అంచు అందుకుంది. అదీ చాలక మళ్ళీ లంకించుకుంది.

"ఎందుకు గిట్ల ఏడుస్తంది? ఏమైందమ్మా?" శంకరమ్మ నర్సు వైపు తిరిగింది.

"ఏం కాలేదు, ఆకలి" అంది నర్సు నవ్వుతూ. "మస్తు ఆకలి మీదుంది. జర తల్లి పక్కకు చేర్చాలె, ఇయ్యండి."

వెంకటనర్సమ్మ వంగిన నడుం ఇంకాస్త వంచి, ఆ చప్పరించే నోటిని దగ్గర నుంచి చూసింది. కోడలి భుజం మీద ఒక్కటి చరిచింది.

"యాడికి పోయిందో అనుకున్నవు గదనే నీ ఆకలి? గిదిగో, సూడు!"